బస్సెక్కొద్దన్న అమ్మవారు

1974 జనవరి 21, సోమవారం. పటాన్‌చెరు

ఈ డైరీ ఈయనకు ఫ్యాక్టరీలో ఇచ్చారు. ముందు పేజీల నిండా ఇంగ్లీషులో టన్నులూ అంగుళాలూ. జనవరి ఒకటిన "ఏ షిఫ్టు" అని రెండు ముక్కలు రాసి అటక మీద పడేశారు. ఇవాళ ఆయన చేతే దింపించాను. నేను అటకవైపు తలెత్తి చూసి రెండు నెలలైంది. తలెత్తి చూడదగ్గ వస్తువులేమీ అక్కడ లేవు, పగిలిన ఊరగాయ జాడీ తప్ప.

నిన్న ఆదివారం. ఆయన సంగారెడ్డి వెళ్ళి హాస్టల్లో మా అమ్మాయి కమలను చూసొచ్చారు. నేను వెళ్ళలేదు. సున్నుండలు కట్టి పంపించాను. తిరిగొచ్చి చెప్పులు విప్పుతూ, "కమల జుట్టు కత్తిరించుకుంది" అన్నారు, కరెంటు పోయింది అన్నంత మామూలుగా.

"ఎంత?"

చెవి కింద వేలితో గీత గీసి చూపించారు. "హాస్టల్లో నీళ్ళు లేవట. తలంటుకి వారానికి ఒక్క బకెట్టు ఇస్తారట. అందుకని."

పదిహేడేళ్ళు పెంచిన జుట్టు. నడుం దాటేది. జడ వేయడానికి నాకు పావుగంట పట్టేది. అది నిలబడలేక ఈ కాలి మీంచి ఆ కాలి మీదికి మారుతూ గొణిగేది. అలాంటి జుట్టు కత్తిరించే ముందు నన్నొక్క మాట అడగలేదు!

"జుట్టు మళ్ళీ పెరిగేదాకా దాని మొహం చూడనని చెప్పండి" అన్నాను.

"నిజంగా చెప్పమంటావా?"

"పొల్లు పోకుండా చెప్పండి."

చెప్తారు. డ్రాయింగులో ఉన్నట్టు ఇనుము కోసే మనిషి, నూలు తేడా రానివ్వరు. కాబట్టి ఇకమీదట ఆదివారాలు నేను హాస్టలుకు వెళ్ళకపోవడానికి కారణం కోపం. ఇందులో బస్సు ప్రసక్తి లేదు.

జనవరి 27, ఆదివారం

ఆయన వెళ్ళారు. నేను వెళ్ళలేదు. కోపం.

ఫిబ్రవరి 3, ఆదివారం

కోపం. కందిపొడి పంపించాను.

ఫిబ్రవరి 9, శనివారం

ఈ పుస్తకం ఎవరూ చూడరు కాబట్టి రాస్తున్నాను. కార్తీకంలో నాకొచ్చిన జ్వరం పదిరోజులుండి పోయింది. పోతూ పోతూ దాని సామానేదో నా తలలో మరిచిపోయినట్టుంది. నవంబరు చివరి ఆదివారం కమలను చూసి తిరిగొస్తుంటే రుద్రారం దగ్గర బస్సు ఒక గుంతలో దిగి లేచింది. అంతే. బస్సు ఆగినా నేను ఆగలేదు. చెట్లూ, కండక్టరూ, నా చేతిలో టిక్కెట్టూ అన్నీ గుండ్రంగా తిరిగాయి. పక్కనున్నావిడ గంపలో కక్కేశాను. ఆవిడ తిడుతుందనుకున్నాను. "పోనీ తియ్యమ్మా, ఉల్లిగడ్డలే గద, కడుక్కుంట" అంది. తిట్టినా బాగుండేది.

అప్పట్నుంచీ ఆ తిప్పు నన్ను వదల్లేదు. బియ్యం కడగడానికి వంగితే వస్తుంది. ఆరేసిన చీర తీయడానికి తలెత్తితే వస్తుంది. కుడివైపు తిరిగి పడుకుంటే మంచం దొర్లుతుంది, అందుకని ఎడమవైపే పడుకుంటున్నాను, అదేమీ కష్టం కాదు. వంగకుండా తలంటుకోవడం నేర్చుకున్నాను. చూపు తిన్నగా పెట్టుకుని నడిస్తే నేల నా మాట వింటుంది. సుశీల కిరాణా కొట్టుకి వెళ్ళడం మానేశాను. వెళ్ళగలను. ఆ డబ్బాల వరసలు చూస్తుంటే అవి నడుస్తున్నట్టుంటాయి, అంతే. రోడ్డు అవతలికి కూడా వెళ్ళగలను. లారీలు పోతున్నప్పుడు నిలబడి చూస్తే నేను కూడా వాటితో పోతున్నట్టుంటుంది. అవతల నాకేం పనుంది గనక? అవసరం పడలేదు.

ఫిబ్రవరి 20, బుధవారం

చచ్చినంత పనైంది. పొద్దున పెరట్లో కుళాయి దగ్గర బిందె ఎత్తబోయి స్తంభం పట్టుకున్నాను. ఎవరు చూశారో, సాయంత్రానికి సుశీల రెండు మామిడి పిందెలు కొంగున కట్టుకుని వచ్చి గుమ్మంలో కూర్చుంది.

"రత్నమ్మా, కండ్లు తిరుగుతున్నయంటగా? నీళ్ళోసుకున్నవా ఏంది?"

ముప్పై ఎనిమిదేళ్ళు నాకు! కాలేజీ చదివే కూతురుంది! ఇంటి యజమానురాలు బక్కమ్మగారు అరుగు మీద ఆకు నములుతూ నా కడుపువైపు కాకుండా నా కళ్ళవైపు చూస్తోంది. ఏదో ఒకటి చెప్పాలి, అప్పటికప్పుడు చెప్పాలి.

"అబ్బే, అదేం కాదండీ. మొక్కుకున్నాను. మా కమల పరీక్ష పాసయ్యేదాకా వీధి గడప దాటనని. ఉపవాసాలు కదా, నీరసం."

సుశీల రెండు చేతులూ జోడించింది. పిందెలు మాత్రం వదిలేసి వెళ్ళింది, మరి మొక్కుకీ పులుపుకీ ఏం సంబంధమో. పప్పులో వేశాను.

ఆయనకు చెప్తే, "కమలకేమో కోపమనీ, వీధికేమో కమల కోసం మొక్కనీ. రెండూ ఒకచోట కలిస్తేనో?" అన్నారు.

"ఎందుకు కలుస్తాయి? అదక్కడుంది, వీళ్ళిక్కడున్నారు."

మార్చి 6, బుధవారం

ఫ్యాక్టరీ డిస్పెన్సరీకి వెళ్ళాలంటే బస్సెక్కాలి. అందుకని ఆయన్ని పంపించాను, నా తల గురించి చెప్పి మందు తెమ్మని. డాక్టరు అంతా విని, ఆయన్నే బల్ల మీద పడుకోబెట్టి రక్తపోటు చూసి, ఆయనకు ఉప్పు మానిపించాడు. ఇవాళ్టినుంచి ఇంట్లో చప్పిడి కూర. నా పైత్యానికి నేనే ధనియాలు జీలకర్ర కాచుకు తాగుతున్నాను.

ఏప్రిల్ 21, ఆదివారం

వేసవి సెలవులిచ్చారు. కమల ఇంటికి రాలేదు. ఆయన హాస్టలునుంచే స్టేషనుకు తీసుకెళ్ళి తణుకు బండి ఎక్కించారు, మా అమ్మ దగ్గరికి. బండి కదిలేముందు అడిగిందట, "అమ్మ ఇంకా అదే మాట మీదుందా?" అని. ఆయన ఉందన్నారట.

చెప్పమన్నది నేనే.

జూన్ 4, మంగళవారం

కమల పాసైంది, మొదటి తరగతిలో. సుశీల చక్కెర పొట్లంతో పరుగెత్తుకొచ్చింది. "మొక్కు తీరింది గదా, ఇగ గుడికి పోదాం పా!" అని చెయ్యి పట్టుకుంది. లాగితే గడప దాటతాను, దాటితే పడతాను. "రెండో ఏడాదికి కూడా కలిపి మొక్కానండీ" అన్నాను. ఇలాంటి అబద్ధం నా నోట్లోంచి ఎలా ఊడిపడిందో నాకే తెలియదు. సుశీల చక్కెర పొట్లం నా కాళ్ళ దగ్గర పెట్టి దణ్ణం పెట్టుకుంది.

జూన్ 26, బుధవారం

ఇప్పుడు ఈ వీధిలో నాకున్న గౌరవం మా ఆయనకు ఫ్యాక్టరీలో లేదు. శుక్రవారాలు ముత్తయిదువలు వచ్చి బొట్టు పెట్టించుకుంటున్నారు. కొట్టునుంచి సరుకులు ఇంటికే వస్తున్నాయి. కుళాయి దగ్గర నా బిందె ఎవరో నింపి పెడుతున్నారు. నిదానంగా తిన్నగా చూస్తూ నడుస్తాను కదా, "ఎంత నెమ్మది! మెడ సుత తిప్పది" అనుకుంటున్నారట. మెడ తిప్పితే ఏమవుతుందో నాకు తెలుసు. ఇంత సుఖం పుట్టింట్లో కూడా ఎరగను. నవ్వొచ్చి వంటింట్లోకి పోయి నవ్వాను, నవ్వితే కూడా తిరిగింది.

కమల తణుకునుంచి వచ్చి తిన్నగా హాస్టలుకే వెళ్ళిపోయింది. రాసిన ఉత్తరాలన్నీ వాళ్ళ నాన్న పేరుతోనే ఉంటాయి. చివర "అమ్మకు నమస్కారాలు" అని ఒక ముక్క. పోయినసారి అదీ లేదు.

జూలై 15, సోమవారం

నిన్న ఏం జరిగిందో వరసగా రాస్తాను, లేకపోతే నాకే నమ్మకం కుదరదు.

బోనాల పండగ. ఊరేగింపు మా గుమ్మం ముందునుంచే పోతుంది. బోనమెత్తిన వాళ్ళ కాళ్ళ మీద పసుపునీళ్ళు పోయాలి, ఇక్కడి పద్ధతి. గడప లోపలినుంచే పోయొచ్చు కదా అని చెంబుతో నిలబడ్డాను. ముందు డప్పులొచ్చాయి. ఒళ్ళంతా పసుపు పూసుకుని పోతరాజు గిరగిరా తిరుగుతూ వచ్చాడు. వాణ్ణి చూడకూడదని తెలుసు. చూశాను. వెనకే బక్కమ్మగారు బోనంతో వచ్చి నా ముందు ఆగింది. కాళ్ళ మీద నీళ్ళు పోయడానికి వంగాను.

ఇక వీధి లేదు. చెంబు ఎటుపోయిందో తెలియదు. వేపమండల తోరణం పట్టుకుని ఊగుతున్నాను, నేనూగుతున్నానో ఇల్లూగుతోందో. ఎవరో "అయ్యో పడుతది!" అన్నారు. అప్పుడు బక్కమ్మగారి కేక:

"అమ్మొచ్చింది! రత్నమ్మ మీదికి అమ్మొచ్చింది! కూసోబెట్టుండ్రి! దూరం జరుగుండ్రి, గాలి రానియ్యుండ్రి!"

పీట వచ్చింది. నలుగురు నన్ను కూర్చోబెట్టారు. వేపమండలతో విసురుతున్నారు. నేను కళ్ళు మూసుకుని "ఆపండి, ఆ డప్పులు ఆపండి" అన్నాను. తక్షణం ఆగిపోయాయి. మా ఆయన ఇరవయ్యేళ్ళలో నా మాట అంత వేగంగా ఎప్పుడూ వినలేదు. ఆయన జనంలోంచి తోసుకొచ్చి, "దవాఖానాకు బస్సులో తీసుకుపోతాను" అంటున్నారు పాపం, ఈ ఊరి మాటల్లో.

బస్సు అనగానే రుద్రారం గుంత గుర్తుకొచ్చింది. "బస్సొద్దు! బస్సెక్కొద్దు! బస్సెక్కితే అంతా అయిపోతుంది!" అని అరిచాను.

విసురుతున్న వేపమండలు ఆగిపోయాయి. తరవాత సుశీల గొంతు: "అమ్మ బస్సెక్కొద్దంటున్నది."

జూలై 16, మంగళవారం

ఈ వీధిలో ఎవరూ బస్సెక్కడం లేదు. ఆడవాళ్ళు మొగుళ్ళ టిఫిన్ డబ్బాలు పట్టుకుని గుమ్మాలకు అడ్డం నిలబడ్డారట. పదకొండుమంది ఫ్యాక్టరీకి సైకిళ్ళ మీదా కాలినడకనా వెళ్ళారు. సుశీల మొగుడు సంగారెడ్డి మార్కెట్టుకు ఎడ్లబండి కట్టించాడు. మా ఆయన సంగతి ఇంకా అన్యాయం. అమ్మవారి మొగుడై ఉండి బస్సెక్కితే బాగుండదని, ముత్తంగి దాకా నడిచి అక్కడ ఎక్కారట, ఎవరూ చూడకుండా.

"నువ్వైనా నిజం చెప్పరాదూ?" అన్నారు, కాళ్ళు వేడినీళ్ళలో పెట్టుకుని.

"ఏమని చెప్పను? నీళ్ళోసుకున్నానని మళ్ళీ మొదలుపెడతారు."

జూలై 19, శుక్రవారం

పొద్దుటి బస్సు ఇస్నాపూర్ దగ్గర టైరు పేలి ఆగిపోయింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. నాకు తప్ప. మధ్యాహ్నానికి మా గుమ్మం ముందు పదిహేడు కొబ్బరికాయలు.

ఆగస్టు 12, సోమవారం

నిన్న ఆయన కమల ఉత్తరం తెచ్చారు. ఈసారి నా పేరుకే.

"అమ్మా, నీళ్ళు లేక జుట్టు తీశాను, నీ మీద పంతంతో కాదు. ఏడు నెలలు చూశాను. నా జుట్టుకంటే నేను నీకు తక్కువని తెలిసింది. తణుకు కాలేజీలో నెలాఖరు లోపు టి.సి. ఇస్తే చేర్చుకుంటారట, అమ్మమ్మ కనుక్కుంది. ఇకమీదట అక్కడే చదువుకుంటాను. సెలవులకూ అక్కడే ఉంటాను. నువ్వు కోపం పెట్టుకుని ప్రతి ఆదివారం సున్నుండలు చేయనక్కర్లేదు."

నాలుగుసార్లు చదివాను. ఆయన్ని, "నేను రాలేకపోతున్నానని చెప్పలేదా మీరు?" అని అడిగాను.

"నువ్వు చూడనన్నావని చెప్పమన్నావు. అదే చెప్పాను."

ఆయన్ననడానికేముంది? నా కోపం ఫిబ్రవరిలోనే చల్లారింది. ఆ మాట కమలకు పంపలేదు. కోపం పోయిందంటే మరి ఎందుకు రావు అంటారు. రాలేను అంటే ఎందుకు అంటారు. కళ్ళు తిరుగుతాయంటే నలుగురూ నవ్వుతారు. దానికన్నా కఠినాత్మురాలినని పేరు రావడమే నాకు నయమనిపించింది. అవును, అదే నిజం. భయం. ఇక్కడ రాస్తున్నాను, భయం.

ఆగస్టు 18, ఆదివారం

ఆయనతో పాటు బస్‌స్టాండుకు బయల్దేరాను. వీధి చివరి దాకా వెళ్ళాను. లారీ ఒకటి దుమ్ము రేపుతూ పోయింది. చెప్పు తెగింది.

చెప్పు తెగలేదు. వెనక్కొచ్చాను.

ఆగస్టు 23, శుక్రవారం

ఇంక వారమే. సాయంత్రం బక్కమ్మగారి అరుగు మీద కూర్చుని ఏడ్చాను. ఆవిడ ఆకు మడుస్తోంది. చివరికి, "బక్కమ్మగారూ, ఆ రోజు నా మీదికి అమ్మ రాలేదండీ. నాకు కళ్ళు తిరుగుతాయి" అన్నాను.

"నాకెరుకనే."

"ఎప్పట్నుంచి?"

"కుళాయి కాడ స్తంభం పట్టుకున్ననాడే. సుశీలకు కడుపు కనవడ్డది, నాకు కండ్లు కనవడ్డయి."

నాకు ఒళ్ళు మండింది. "తెలిసీ అంతమందిలో అమ్మొచ్చిందని కేకేశారేం?"

"మరేమనాలె బిడ్డా? కండ్లు తిరుగుతున్నయంటే ఆడదాన్ని ఎవలు కూసోబెడ్తరు? ఇన్ని మజ్జిగ తాగి పని సూస్కో అంటరు. అమ్మొచ్చిందంటే మొగోళ్ళు సుత పీట తెస్తరు. నువ్వు కూసోవాలె, అంతే. గీ బస్సు ముచ్చట నువ్వు తెచ్చుకున్నదే, నాది గాదు."

"మరి మీ మీదికి ఏటేటా వచ్చేది?"

"అది అమ్మనే" అంది కసురుతున్నట్టు. "గా సంగతి అడగకు."

అడగలేదు. కమల ఉత్తరం చదివి వినిపించాను. ఆవిడ ఆకు నమలడం ఆపింది. "ఎల్లుండి పొద్దుగాల నేను సుత వస్త. బండ్ల కూసున్నప్పుడు కింద సూస్తే తిప్పుతది. ఎడ్ల కొమ్ముల నడుమ నుంచి దూరం సూడాలె, కండ్లు మూయొద్దు. బస్సుకు కొమ్ములుండయి గాని, డ్రైవరుంటడు గద."

ఆగస్టు 26, సోమవారం

వెళ్ళాను. వెళ్ళొచ్చాను. అక్షరాలు ఎలా వస్తే అలా రానీ.

నిన్న ఎనిమిదిన్నర బస్సు. నేనూ, బక్కమ్మగారూ, ఆయనా. బస్‌స్టాండులో మా వీధి వాళ్ళు సగం మంది ఉన్నారు, ఎక్కడానికి కాదు, సంత రోజు కాబట్టి బండ్ల కోసం. నన్ను చూసి సుశీల పరుగెత్తుకొచ్చి చేతులడ్డం పెట్టింది. "రత్నమ్మా! గడప దాటినవేంది? అమ్మ వద్దన్న బస్సు ఎట్లెక్కుతవు?"

బస్సొచ్చి ఆగింది. ఇప్పుడు చెప్పకపోతే మళ్ళీ ఇంకో మొక్కు కల్పిస్తాను, నాకు తెలుసు, నోటి చివరే ఉంది.

"సుశీలగారూ, అమ్మ రాలేదు. మొక్కూ లేదు. నేను నీళ్ళోసుకోనూలేదు. తొమ్మిది నెలల్నుంచి నాకు కళ్ళు తిరుగుతున్నాయి. భయపడి ఎక్కడికీ పోక, కూతుర్ని కూడా చూడక ఇంట్లో కూర్చున్నాను. ఇవాళ పోకపోతే అది నాకు దక్కదు." ఇదంతా ఒక్క ఊపిరిలో అన్నాను, బస్‌స్టాండంతా వింటుండగా.

సుశీల నోరు తెరిచింది. "నలభై దినాల సంది మా ఆయన ఎడ్లబండి మీద పోతుండు! నీ కండ్లకా గిదంతా! నడుములు పట్టుకపోయినయమ్మా ఆయనకు!"

ఎవరో కిసుక్కుమన్నారు. ఆ తరవాత ఎవరూ ఆగలేదు. పదకొండుమంది సైకిళ్ళ వాళ్ళూ, వాళ్ళ పెళ్ళాలూ, చివరికి సుశీల కూడా కడుపు పట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను, స్తంభం పట్టుకుని. కండక్టరు రేకు మీద చరిచి, "అమ్మైనా సరే అక్కైనా సరే, ఎక్కుతరా లేదా?" అన్నాడు. ఎక్కాను. సుశీల వెనకనుంచి తోసింది. తోస్తూ చెవిలో అంది, "కండ్లు తిరిగితే నాకు చెప్పొద్దా? నిమ్మకాయ ఇస్తుంటి గద!"

ముందు సీటు. డ్రైవరు చెవికీ అద్దానికీ మధ్యనుంచి దూరంగా రోడ్డు చూస్తున్నాను. పక్క సీటులో ఒకావిడ వంకాయల గంపతో కూర్చుంది. "అమ్మా, ఆ గంప అటువైపు పెట్టుకో" అన్నాను, ముందు జాగ్రత్త. ముత్తంగి, ఇస్నాపూర్. తల ఊగుతోంది, కానీ నాతోనే ఉంది. రుద్రారం గుంత ఇంకా అక్కడే ఉంది, ఎవరూ పూడ్చలేదు. బస్సు దిగింది, లేచింది. లోకం ఒక చుట్టు తిరిగింది. రెండో చుట్టు సగంలో ఆగింది. నేను డ్రైవరు చెవిని వదల్లేదు.

"బక్కమ్మగారూ, గుంత దాటేశాం!" అని తిరిగి చూద్దును కదా, ఆవిడ ముఖం పచ్చగా, కళ్ళు మూసుకుని, నా కొంగు గుప్పిట్లో బిగించి ఉంది. కిటికీలోంచి ఆవిడ తల బయటికి పెట్టి పట్టుకున్నాను. లక్డారం తోవ దాకా కక్కింది.

"కండ్లు మూయొద్దని మీరే చెప్పారు కదండీ!"

"నేనెన్నడు బస్సెక్కినని?" అంది నీళ్ళు పుక్కిలిస్తూ.

"ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా?"

"ఎందుకెక్కుత? అవసరం పడలే."

ఆ మాట నాది. ఈ పుస్తకంలోనే ఎక్కడో రాశాను. ఆవిడ నడుం చుట్టూ చెయ్యి వేసి కూర్చున్నాను. నా చూపు మా ఇద్దరికీ సరిపోయేంత తిన్నగా ఉంచుకోవలసి వచ్చింది, కంది ఊరు వచ్చిందీ పోయిందీ కూడా తెలియలేదు.

హాస్టలు వరండాకు మూడు మెట్లు. ఆయన లోపలికి కబురు పెట్టారు. నేను కటకటాలు పట్టుకుని నిలబడ్డాను. కమల వచ్చి వాళ్ళ నాన్నను చూసింది, నన్ను చూసింది, అక్కడే ఆగిపోయింది. సన్నబడింది. జుట్టు వెనక్కి లాగి రిబ్బను కట్టుకుంది.

"కోపం పోయిందా?" అంది.

"నాకు కళ్ళు తిరుగుతాయే" అన్నాను. "కార్తీకం నుంచీ. బస్సెక్కలేక రాలేదు. చెప్పుకోలేక కోపమన్నాను."

అది నా ముఖంలోకి చూస్తూ నిలబడింది. "అంతేనా?" అంది. "అంతేనా అమ్మా? నేను దీనికి ఏడు నెలలు..." మూడు మెట్లూ ఒక్క దూకులో దిగి నన్ను గట్టిగా పట్టుకుంది, ఎంత గట్టిగా అంటే తిరగడానికి నా తలకు చోటు లేదు. బక్కమ్మగారు మెట్టు మీద కూలబడి, "పీట లేదా ఈడ?" అని అడుగుతోంది.

ఇక తణుకు వెళ్ళనంటూ టి.సి. కాగితం ట్రంకుపెట్టెలోంచి తెచ్చి వాళ్ళ నాన్న చేతికిచ్చింది. ఆయన దాన్ని డ్రాయింగు మడిచినట్టు నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు.

మధ్యాహ్నం వరండాలో నిలబెట్టి దాని రిబ్బను విప్పాను, జడ వేద్దామని. జుట్టు భుజాల మీద పడింది. మూడు పాయలు తీస్తే చివరిదాకా అందడం లేదు, జారిపోతోంది.

"మరీ ఎంత కురచగా కత్తిరించావే?" అన్నాను.

చెవి కింద వేలు పెట్టి చూపించింది, సరిగ్గా వాళ్ళ నాన్న గీసినచోటే. నేను అక్కడినుంచి జుట్టు చివరిదాకా నా చెయ్యి ఆనించి చూశాను. బెత్తెడుంది. నేను అంత కోపగించుకున్న పొట్టి జుట్టును ఒక్కరోజు కూడా చూడలేదు. ఈ బెత్తెడూ నేను లేకుండానే పెరిగింది.

"అల్లవేం?" అంది కమల, ఈ కాలి మీంచి ఆ కాలి మీదికి మారుతూ.

అల్లాను. జారింది. మళ్ళీ అల్లాను.